మా వీధిలో ఎవరేం చేస్తున్నారు?

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, కనుమ నాడు మధ్యాహ్నం గారెలూ కోడికూరా పట్టించి అందరం అరుగు మీద చేరగిలబడి ఉండగా నాన్నగారు మెల్లిగా అన్నారు, "చెరువు వాళ్ళు మళ్ళీ అడిగేర్రా. నీ ఎకరన్నరకీ సంతకం కావాలంట" అని.

'నా ఎకరన్నర' అంటే మా నాయనమ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను. పోయేముందు నా పేర రాసింది. పాస్‌పుస్తకంలో ఫొటో నాదే గానీ ఆ చేలో నేను దిగింది మహా అయితే పదిసార్లు, అందులో సగం తెగిన గాలిపటాల కోసం. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్యన ఉంటుంది మా ఊరు. నా చిన్నప్పుడు రోడ్డెక్కితే రెండు పక్కలా చేలే. ఇప్పుడు మా చేనుకి తూర్పునా, దక్షిణానా రొయ్యల చెరువులు. ఉత్తరాన పంటబోదె, దానవతల మళ్ళీ చెరువు. మధ్యలో మా చేను పళ్ళూడిన నోట్లో మిగిలిన ఒంటి పన్నులా ఉంది. చెరువుల ఊటనీరు దిగి కిందవైపు అరెకరంలో రెండేళ్ళుగా దాళ్వా పండటం లేదు.

"ఆలోచిద్దాం నాన్నగారూ" అన్నాను. ఆలోచించడమంటే మా సాఫ్ట్‌వేర్ జాతికి తెలిసిన పద్ధతి ఒకటే, ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటు మొదలెట్టడం :)

డబ్బు లెక్క అయిదు నిమిషాల్లో తేలిపోయింది. వరికి కౌలుదారు ఇచ్చేదానికి రెండింతలు పైమాటే చెరువు కౌలు. అక్కడితో ఆపేసి సంతకం పెట్టేసుంటే హాయిగా ఉండేది. కానీ చేతులు ఊరుకోవుగా, పక్కన ఇంకో కాలమ్ పెట్టి 'ఎంతమందికి పని?' అని రాశాను. ఆ కాలమ్ నన్ను మూడురోజులు తినేసింది.

ముందుగా సర్కారు లెక్కలేమంటున్నాయో చూశాను. నేను ఆర్థికవేత్తను కాదు, కాబట్టి తేలిగ్గా అర్థమయ్యేదే చెబుతాను. 2001 నుంచి 2011 దాకా పదేళ్ళలో పాత తూర్పుగోదావరి జిల్లా జనాభా 49 లక్షల నుంచి 51.5 లక్షలయింది. పశ్చిమగోదావరి 38 లక్షల నుంచి 39.4 లక్షలకి వచ్చింది. అంటే సుమారుగా 5 శాతం, 3.5 శాతం. అదే పదేళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద పెరుగుదల 11 శాతం. మా వైపు పిల్లల్ని తక్కువగా కంటున్నారు, అది ఒక కారణం. మిగతాది, జనం లేచి వెళ్ళిపోతున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నూరేళ్ళకి పైగా అన్నం వెతుక్కుంటూ పక్క జిల్లాల వాళ్ళు వలస వచ్చిన నేల ఇది. ఆ నేల నుంచి ఇప్పుడు జనం బయటికి పోతున్నారన్నమాట.

ఆ తరవాతేమయిందో చూద్దామంటే 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు ముక్కలయ్యాయి. పశ్చిమగోదావరి అంటే ఇప్పుడు భీమవరం కేంద్రంగా ఉన్న చిన్న జిల్లా. పాత పశ్చిమగోదావరికీ దీనికీ పేరొక్కటే పోలిక. ఒక డేటాబేస్‌లో టేబుల్ పేరు అలాగే ఉంచి లోపలి కాలమ్సన్నీ మార్చేస్తే రిపోర్టులు రాసేవాడి గతి ఏమవుతుందో మాకు బాగా తెలుసు.

సరే, జిల్లా లెక్క మనవల్ల కాదు, వీధి లెక్క తీద్దామనుకున్నాను. అమ్మ పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను పక్కన మోడా వేసుకుని, మా వీధిలో ఆ చివర రామాలయం నుంచి ఈ చివర చెరువుగట్టు దాకా ఉన్న 24 ఇళ్ళూ వరసగా రాసుకున్నాను. రెండు కాలమ్స్. 2005లో ఎవరేం చేసేవారు, ఇప్పుడేం చేస్తున్నారు. 2005 ఎందుకంటే అప్పుడు నేను రెండో తరగతి, అంతకు ముందువి నాకు సరిగ్గా గుర్తులేవు.

2005లో 24 ఇళ్ళలో పదకొండు వ్యవసాయం. సొంతమో కౌలో. ఒకాయన రైసుమిల్లు. పేరుకి మిల్లు గానీ ఒక చిన్న హల్లర్, సాయంత్రం ఆరింటికి అది ఆగిపోతే వీధికి చెవుడొచ్చినట్టుండేది. ఇద్దరు బళ్ళో మేష్టార్లు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక ఆరెంపీ డాక్టరు, ఒక టైలరు. ఎస్టీడీ బూతు ఒకటి (ఆయన దాన్నే తరవాత జిరాక్సు షాపు చేసి, అదీ పోతే మీసేవ చేసి, ఇప్పుడు ఆధార్ మార్పులు చేస్తున్నాడు. ఇరవయ్యేళ్ళలో నాలుగు టెక్నాలజీలు మారిన మనిషి మా వీధిలో ఆయనొక్కడే. మా ఆఫీసులో ఎవరూ లేరు). కొబ్బరి వ్యాపారి ఒకాయన, చెక్కపని ఒకాయన. మిగతావాళ్ళు చిల్లర మల్లర.

ఇప్పుడు వ్యవసాయం రెండు ఇళ్ళు. ఇద్దరికీ అరవై దాటాయి, అందులో ఒకరు నాన్నగారు. హల్లర్ ఎప్పుడో మూతపడింది. ధాన్యం నేరుగా తాడేపల్లిగూడెం వైపు పెద్ద మిల్లులకి పోతుంది, మేం తినే బియ్యం సంచీల్లో వస్తాయి. ఏడు ఇళ్ళకి తాళాలు. ఆ ఇళ్ళ పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా, ఆస్ట్రేలియా. మొత్తం వీధికి సాఫ్ట్‌వేర్ వాళ్ళం తొమ్మిదిమందిమి తేలాం. అంటే మా వీధిలో అతిపెద్ద పరిశ్రమ సాఫ్ట్‌వేరు! వీధిలో ఒక్క ఆఫీసూ లేదు, అది వేరే సంగతి.

ఇదెలా జరిగిందో కొత్తగా చెప్పక్కర్లేదు. మా జిల్లాల్లో ఇంజనీరింగు కాలేజీలు కొబ్బరిచెట్లతో పోటీపడి మొలిచాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కౌలురైతు కొడుకు కూడా బీటెక్కులో చేరగలిగాడు. నా బ్యాచ్‌లో నా పక్క బెంచీ కుర్రాడి నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. వాడిప్పుడు పూణేలో టెస్టింగ్ లీడు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా దెబ్బలాడతాను. ఆ కాలేజీల్లో చదువెలా ఉండేదన్నది వేరే, అవి లేకపోతే వాడు చెట్టెక్కేవాడు.

షీట్‌లో మా ఇంటి వరసకొచ్చాను. 2005లో నాన్నగారు వ్యవసాయం. అమ్మ ఇంటిపని. నాయనమ్మ దగ్గర 'ఏమీ లేదు' అని కొట్టాను.

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి నావైపు చూసింది. "ఏమీ లేదేంట్రా? లేసు అల్లేది కదా. నీ మొదటి సైకిలు ఎవరి డబ్బనుకున్నావు?"

నిజమే. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ వీధరుగు మీద కూర్చుని చిన్న కొక్కెం సూదీ, తెల్లదారం ఉండా పట్టుకుని అల్లుతూనే ఉండేది. చూపు సూది మీద, చెవులు వీధి కబుర్ల మీద. నెలకోసారి ఏజెంటు వచ్చి అల్లినవి పట్టుకెళ్ళి కొత్తదారం ఇచ్చి వెళ్ళేవాడు. అవి నరసాపురం చేరి, అక్కణ్ణుంచి ఏ దేశం వెళ్ళేవో ఆవిడకి తెలీదు. "దొరల బల్లల మీద పరుస్తారంట" అనేది, అంతే. 19వ శతాబ్దంలో మిషనరీలు మా వైపు ఆడవాళ్ళకి నేర్పిన పని అది.

తరవాత తెలిసిందేంటంటే, మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త సరిగ్గా ఈ విషయం మీదే నరసాపురం లేసు అల్లేవాళ్ళ గురించి ఒక పుస్తకం రాసింది, 1982లో వచ్చింది. ఇళ్ళల్లో కూర్చుని రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేసే ఆ ఆడవాళ్ళని ఎవరూ పనివాళ్ళుగా లెక్కపెట్టలేదని, 'గృహిణి ఖాళీ టైములో అల్లుకుంటోంది' అనుకోబట్టే కూలి అంత తక్కువ ఇవ్వగలిగారని ఆవిడ వాదన. నేను చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నాయనమ్మని లెక్కలోంచి తీసేసినవాళ్ళలో ఇప్పుడు నేనూ ఉన్నాను, నా ఎక్సెల్ షీట్ సాక్షిగా. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మెషిన్ లేసు వచ్చి ధరలు పడిపోయాక, అల్లేవాళ్ళు సగం మంది మానేశాక వచ్చిందనుకోండి. మా వీధిలో ఇప్పుడు అల్లేవాళ్ళు ఒక్కరు. సరదాకి.

'ఏమీ లేదు' కొట్టేసి 'లేసు' అని రాశాను. అమ్మ ఇంకో మాట అంది. "వీధంటే వీధేనేంట్రా? పేటవాళ్ళని రాయవా? మన చేలో చేసిందెవరు మరి?"

ఏం చెప్పను? కాలవగట్టు పేట మా వీధి వెనకే ఉంటుంది. నా లెక్కలో లేదు. పదకొండు ఇళ్ళు 'వ్యవసాయం' అని రాసుకున్నాను గానీ ఆ పదకొండిళ్ళలో ఊడ్పులు ఊడ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

నాన్నగారి దగ్గర పాత ఖర్చుల పుస్తకాలుంటాయి, ఎల్‌ఐసీ వాళ్ళిచ్చిన డైరీలు. 2005ది దొరికింది. నా ఎకరన్నర మీద ఆ ఏడాది సార్వా, దాళ్వా కలిపి ఎంతమంది కూలీలు వచ్చారో కూడితే ఆకుతీతకీ, ఊడ్పులకీ, రెండు కలుపులకీ, కోతకీ, కట్టేతకీ, కుప్పనూర్పులకీ అంతా కలిపి సుమారు 120 పనిరోజులొచ్చాయి. అందులో ఎక్కువ ఆడవాళ్ళవే. మొన్న ఏడాది లెక్క తీస్తే 30 కూడా లేవు. కలుపుకి మందు కొడుతున్నారు. కోత మెషిన్ దిగి గంటన్నరలో కోసేసి, నూర్చేసి, ధాన్యం ట్రాక్టర్లో పోసి పోతోంది. ఊడ్పులు మాత్రం ఇంకా మనుషులే చేస్తున్నారు. కానీ ఆ మనుషులు బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు. ఎకరం ఇంత అని గుత్తకి మాట్లాడుకుని, తాడు పట్టుకుని వరసలు తీర్చి ఊడ్చేస్తారు. సాయంత్రం కాలవగట్టున సెల్‌ఫోన్‌లో బెంగాలీ పాటలు. మా ఊరి ఆడవాళ్ళేమో కువైట్‌లో. గోదావరి డెల్టాలో వరి ఊడవడానికి గంగా డెల్టా నుంచి రావాల్సొచ్చింది!

దీనికి మెషిన్లని తిట్టి లాభం లేదు. 2011 సార్వాకి కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించి, సుమారు లక్ష ఎకరాలు బీడు పెట్టేశారు. దేశమంతా వింతగా చూసింది, నీళ్ళున్నచోట పంట వెయ్యకపోవడమేంటని. ప్రభుత్వం మోహన్ కందా గారి కమిటీ వేసింది. కూలి పెరిగింది, మద్దతుధర చాలట్లేదు, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, ఇదీ రైతుల గోడు. కూలి పెరగడం కూలివాళ్ళకి మంచిదే కదా అని నాన్నగారితో అంటే, "మంచిదే. ఇచ్చేవాడుంటే" అన్నారు.

సరే, చెరువు లెక్కకి వద్దాం. మా వైపు రొయ్య కథ మొదటిసారి 1990లలో టైగర్ రొయ్యతో మొదలైంది. 1994, 95 ప్రాంతాల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చాలామందిని ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో తీరప్రాంత చెరువుల మీద ఆంక్షలొచ్చాయి. నాన్నగారి స్నేహితులు ఇద్దరు అప్పుడు పొలాలమ్ముకున్నారు, అందుకే ఆయనకి రొయ్య పేరెత్తితే ఒళ్ళు మంట. 2009లో వనామీ రకానికి అనుమతి ఇచ్చాక కథ మళ్ళీ మొదలైంది, ఈసారి ఆగలేదు. దేశంలో పండే రొయ్యల్లో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్‌వే, అందులో భీమవరం చుట్టుపక్కల వాటా సంగతి వేరే చెప్పాలా. హేచరీలు, మేత డిపోలు, ల్యాబులు, ఐసు ఫ్యాక్టరీలు, ఏరియేటర్ మెకానిక్కులు, పట్టుబడి ముఠాలు, లారీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు. నరసాపురం నుంచి భీమవరం దాకా బస్సులో కూర్చుని బోర్డులు చదువుకుంటూ వెళ్తే చాలు, ఏది పెరిగిందో తెలిసిపోతుంది.

మా చుట్టూ చెరువులు చేస్తున్నాయన మాదీ కలిపితే పదిహేనెకరాలు ఒక ముక్క అవుతుందంటాడు. దానికి గుమస్తా ఒకడు, కాపలాకి ఒక మొగుడూ పెళ్ళాం, ఏడాదంతా అక్కడే మకాం. ముగ్గురు, 365 రోజులు. అంటే 1095 పనిరోజులు. అందులో నా ఎకరన్నర వాటా పదో వంతు, సుమారు 110. పట్టుబడి కూలీలు, ప్లాంటులో పని ఇందులో కలపలేదు.

ఈ అంకె చూసి రెండుసార్లు ఫార్ములా సరిచూసుకున్నాను. ఎందుకంటే నేను మనసులో అనుకున్నది దీనికి ఉల్టా. చెరువొస్తే పని పోతుంది అని నిరూపిద్దామని మొదలెట్టాను (ఒప్పుకుంటున్నాను). ఇప్పుడు వరిలో ఉన్నది 30, చెరువైతే 110. అంటే 2005 నాటి వరికి దాదాపు సమానం! జిల్లా అధికారి ఎవరైనా నా షీట్ చూస్తే 'ఉపాధి పెరిగింది' అని రాసుకుపోతాడు, తప్పు కూడా కాదు. కానీ ఆ కాపలా దంపతులు శ్రీకాకుళం అవతల ఎక్కణ్ణుంచో వచ్చారు. గుమస్తా భీమవరం కుర్రాడు. పేట నుంచి ఎవరూ లేరు. స్థానికులైతే చెరువు మీద దొంగతనాలకి భయమట, బయటివాళ్ళయితే రాత్రికి ఇంటికి పోరట. 120 మారి 110 అయింది, మనుషులు మాత్రం ఒక్కరు కూడా వాళ్ళే కారు.

మరి ఆ 120 రోజులు చేసినవాళ్ళు ఏమయ్యారు? అది తెలుసుకుందామనే మర్నాడు పేటకెళ్ళాను.

మా చేలో ఊడ్పులకి వచ్చే ముఠాకి పెద్ద ఒకావిడ ఉండేది. ఊరంతా మేస్త్రమ్మ అంటారు. పద్దెనిమిదిమంది ఆవిడ చెయ్యి కింద. ఆవిడ నాకన్నా ముప్ఫయ్యేళ్ళు పెద్ద. నన్ను 'మీరు' అంటుంది, నేను 'నువ్వు' అంటాను, చిన్నప్పటి అలవాటు. ఈసారి 'మీరు' అందామని నోటిదాకా వచ్చింది గానీ, ఏదో నాటకంలా ఉంటుందేమోనని మింగేశాను. ఇప్పటికీ అది గుచ్చుకుంటూనే ఉంది.

"ఏం బాబూ, ఎప్పుడొచ్చేరు? చిక్కిపోయేరేంటి?" అని కుర్చీ వేసింది. స్లాబు ఇల్లు. కువైట్ డబ్బు. ఆరేళ్ళు ఒక ఇంట్లో పనికి వెళ్ళొచ్చింది. మా వైపు నుంచీ, నదికవతల కోనసీమ నుంచీ ఆడవాళ్ళు ఇలా వెళ్ళడం కొత్తేం కాదు. పేటలో మూడో వంతు ఇళ్ళు అలా లేచినవే. ఏ పరిశ్రమ కింద రాయాలి దీన్ని? కువైట్ లెక్కల్లో ఉంటుందేమో, జిల్లా లెక్కల్లో ఉండదు. జిల్లాలో మాత్రం సిమెంటు అమ్ముడవుతుంది.

నేను ముఠాలో ఒక్కొక్కరి గురించీ అడుగుతూ ఫోన్లో రాసుకున్నాను. అయిదుగురు కువైట్, మస్కట్ వెళ్ళారు, ఇద్దరు ఇంకా అక్కడే. ముగ్గురు పోయారు. ఇద్దరు కూతుళ్ళ దగ్గర, ఒకామె హైదరాబాదులో ఇళ్ళల్లో వంట. ఒకామె కడియం నర్సరీలో అంట్లు కడుతోంది, పనితనం ఉన్న చెయ్యి కాబట్టి కూలి బాగానే ఇస్తున్నారట. నలుగురు, మేస్త్రమ్మతో సహా, రొయ్యల ప్లాంటుకి పోతున్నారు. మిగిలిన ఇద్దరు వయసు మీదపడి ఇంట్లో.

ప్లాంటు వ్యాన్ తెల్లారుజాము అయిదింటికి వస్తుంది. లోపల చలి, చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు, రొయ్యకి తల తియ్యడం, పొట్టు వలవడం. కిలోకింత. "ఎండుండదు బాబూ, బురదుండదు. నడుం వంచక్కర్లేదు. చేతులే తిమ్మిరెక్కుతాయి" అంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఏమయిందని అడిగాను. "సుంకమో ఏంటో తెలీదు గానీ, వారానికి మూడ్రోజులే వ్యానొచ్చేది." నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అదే ఆగస్టులో చెరువాయన నాన్నగారికి ఫోన్ చేసి, ముందు మాట్లాడుకున్న కౌలు ఇచ్చుకోలేనని తగ్గించాడు. వాషింగ్టన్‌లో ఒకాయన పెట్టిన సంతకం నా ఎకరన్నర కౌలునీ, మేస్త్రమ్మ వారం కూలినీ ఒకే దెబ్బకి కోసింది.

ఇహ జిల్లాలో పెద్ద పరిశ్రమల మాట కూడా అడగాలి కదా. రాజమండ్రి పేపర్‌మిల్లు 1924 నాటిది, 2011లో అమెరికా కంపెనీ కొంది, 2019లో మళ్ళీ మన దేశపు కంపెనీ చేతికొచ్చింది. మా వీధికి దానితో సంబంధం మా పెద్దమామయ్య ఒక్కరే, అక్కడ రిటైరయ్యారు, పిల్లలు అక్కడ చేరలేదు. గ్యాస్ సంగతంటారా? కోనసీమ కింద గ్యాసుంది, మా కింద కూడా ఉంది. 1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరంలో పైపులైను పేలి ఇరవైమందికి పైగా పోయారు. రాజమండ్రి చుట్టుపక్కల కట్టిన గ్యాసు కరెంటు ప్లాంట్లకి 2013 నాటికి గ్యాసే లేకుండా పోయింది. పేటలో ఒక్కరికి మాత్రం చమురు సంస్థ కాంట్రాక్టరు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం ఉంది. నేల కిందది ఎంతో, నేల మీదకి ఒకటి.

నా వరస కూడా పూర్తి చెయ్యాలి. 2020, 21ల్లో ఏడాదిన్నర నేను ఈ అరుగు మీద నుంచే పనిచేశాను. వీధిలో ఆరుగురం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కొబ్బరిచెట్ల కింద 'మీ వాయిస్ బ్రేక్ అవుతోంది' అనుకుంటూ తిరిగేవాళ్ళం. అప్పుడు మా జీతం లోకంలో ఎక్కడ పుట్టిందో గానీ ఖర్చయింది ఇక్కడ. టైలరు మళ్ళీ మెషిన్ దులిపాడు. తరవాత ఆఫీసులు రమ్మన్నాయి, వెళ్ళిపోయాం. కిందటేడు నేను మూడునెలలు బెంచి మీద ఉన్నాను, ఇంట్లో చెప్పలేదు. 2025 జులైలో టీసీఎస్ అంతటిదే సుమారు 12 వేలమందిని తగ్గిస్తున్నామని ప్రకటించినప్పుడు నాన్నగారు పేపర్లో చదివి ఫోన్ చేశారు. "మీ దాంట్లో ఏం లేదుగా?" "ఏం లేదు నాన్నగారూ." నేను రాసే కోడ్‌లో సగం ఇప్పుడు మెషినే రాస్తుంది. దాన్ని చూస్తుంటే చేలో దిగిన కోత మెషిన్ గుర్తొస్తుంది, గట్టు మీద కొడవళ్ళతో నిలబడి చూసిన పదిమంది కూడా.

చివరికి మేస్త్రమ్మని అసలు విషయం అడిగాను. "మా చేను కూడా చెరువుకి ఇమ్మంటున్నారు. ఇవ్వమంటావా?" అని. ఆవిడ వద్దంటే బావుండునని నాకు లోపల ఉంది. వద్దంటే సంతకం పెట్టకుండా హైదరాబాదు పోయి, మంచివాణ్ణనుకోవచ్చు.

"ఇచ్చెయ్యండి బాబూ. ఊడ్పులికెవరొస్తారు? నా కూతురు రాదు, నేను రానివ్వను" అంది. కాసేపాగి, "గడ్డే లేదు" అంది.

అర్థం కాలేదు. చెప్పింది. ఆవిడకి ఒక గేదె. ప్లాంటు నుంచి వచ్చాక రోజూ ఒక మోపు గడ్డి మా చేను గట్ల మీదే కోస్తుంది, ఊళ్ళో ఇంక వేరే చోటు లేదు. చెరువు గట్టెక్కనివ్వరు, రొయ్యకి జబ్బులొస్తాయని చుట్టూ వల కట్టేస్తారు. కోతలయ్యాక గడ్డిమేటు నుంచి నాన్నగారు ఇచ్చే కట్టలూ ఉండవు. పూటకి రెండు లీటర్లిస్తుంది ఆ గేదె. ఆ పాలడబ్బుల మీదే పేటలో చీటీ కడుతోంది. నా షీట్‌లో గేదెకి కాలమ్ లేదు. నాయనమ్మ లేసుకీ లేకపోయింది కదా మొదట.

ఫిబ్రవరి రెండో శనివారం మళ్ళీ ఊరెళ్ళి సంతకం పెట్టాను. మూడేళ్ళకి. పంటబోదె వైపు గట్టు నాలుగడుగులు వదిలి వల కట్టాలని, దాని మీద గడ్డి కోసుకోనివ్వాలని కాగితంలో రాయించమన్నాను. చెరువాయన నన్ను ఎగాదిగా చూసి, "కాగితంలో ఎందుకండీ, చెబితే సరిపోదా" అన్నాడు. రాయించాను. నాన్నగారు ఏమీ అనలేదు.

పది రోజుల తరవాత అమ్మ ఫోన్ చేసింది. పొక్లెయిన్ దిగిందట. వాడు మొదట తవ్వింది పంటబోదె వైపు గట్టే. మేస్త్రమ్మ ప్లాంటుకి సెలవు పెట్టి ఆ పూటంతా మిగతా గట్ల మీద గడ్డి కోసి, అయిదు మోపులు మా పెరట్లో వేయించింది. "ఎండబెడతానంది. నువ్వు ఆ చెరువాయనకి ఫోన్ చెయ్యి" అంది అమ్మ.

చేశాను. ఎత్తలేదు. ఈ శుక్రవారం నరసాపురం బండికి టికెట్టు వెయిటింగ్ లిస్టులో ఉంది.